పద్యం మధ్యలో ‘టక్’మంటే...

పెదపాడు, ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంక గ్రామాలు... ఈ చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా పాత ఇంటి అలమర సర్దితే బయటపడే సరుకు ఇంచుమించు ఒకటే. రంగు వెలిసిన పెళ్లి ఆల్బమ్, మూతలు విరిగిన నాలుగైదు క్యాసెట్లు, వాటి పక్కన మార్కర్ పెన్నుతో ‘రాయబారం - తాతయ్య’ అని రాసిన ఒక సీడీ. జాతరకో శ్రీరామనవమికో ఊళ్లో వేసిన పద్యనాటకాన్ని మైకు సెట్టు పక్కన టేప్‌రికార్డరు పెట్టి ఎవరో రికార్డు చేసి ఉంటారు. 2000 తర్వాత సీడీ షాపులు పెరిగాక దాన్ని ఎంపీ3గా మార్పించి ఉంటారు. తర్వాత అది పెన్‌డ్రైవ్‌లోకి, అక్కణ్నుంచి సెల్‌ఫోన్ మెమరీ కార్డులోకి చేరి ఉంటుంది. ఇన్ని చేతులు మారాక ఇవాళ వింటే ఏముంది? కృష్ణుడు రాగం అందుకుంటాడు, పద్యం మూడో పాదంలోకి వస్తాడు... ‘టక్’! తర్వాత ఒక కీచు శబ్దం, ఆ వెనకే నిశ్శబ్దం.

తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగ విజయాలు’ తెలియని తెలుగు పల్లె ఉండదు. ఆ జంటకవుల్లో ఒకరైన దివాకర్ల తిరుపతిశాస్త్రి పుట్టింది పశ్చిమగోదావరి జిల్లా యండగండిలోనే. పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు, ఈలపాట రఘురామయ్య లాంటి మహానటుల పద్యాలు ఒకచోట చెడిపోయినా మరోచోట దొరుకుతాయి. ఊరి కృష్ణుడి సంగతి అలా కాదు. పగలు పొలం పని, రాత్రి కిరీటం... ఆ గొంతుకు ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం ఆ ఫైలు. అది పోతే మనవలకు తాతయ్య పద్యం ఉండదు, ‘బాగా పాడేవాడట’ అన్న మాట మాత్రమే మిగులుతుంది.

అందుకే పాట ఫైలును బాగుచేయడం సరదా పనిలా కనిపించినా కాస్త జాగ్రత్త కోరే వ్యవహారం. తెలియక చేసిన ‘రిపేరు’ వల్ల పోయిన పాటలు మొత్తంగా చెడిపోయిన పాటలకంటే తక్కువేం కాదేమో!

ముందు కాపీ... తర్వాతే కత్తెర

మొదటి నియమం ఒకటే. అసలు ఫైలును ముట్టుకోకూడదు. దాన్ని కాపీ చేసుకుని, పేరు మార్చి, ఆ కాపీ మీదే ఏ ప్రయోగమైనా చేయాలి. ‘సేవ్’ నొక్కేటప్పుడు పాత పేరుతోనే సేవ్ చేస్తే అసలు ఫైలు కనుమరుగవుతుంది. ఆ తర్వాత ఎంత బతిమాలినా కంప్యూటరు దాన్ని తిరిగివ్వదు.

ఫైలు ఇంకా సీడీలోనే ఉంటే కొంచెం ఓపిక కావాలి. గీతలు పడిన సీడీని మామూలుగా కాపీ చేయబోతే ఒక్క చోట చదవలేకపోయినా కంప్యూటరు పని ఆపేస్తుంది. అలాంటప్పుడు మెత్తటి పొడి గుడ్డతో మధ్య నుంచి అంచు వైపు తిన్నగా తుడవాలి. గుండ్రంగా తుడిస్తే సమాచారం ఉన్న దారి వెంటే కొత్త గీతలు పడతాయి. తర్వాత మరో డ్రైవులో పెట్టి చూడాలి. ఒక డ్రైవు చదవలేనిది మరొకటి చదవడం మామూలే. డీడీరెస్క్యూ లాంటి ఉచిత ప్రోగ్రాములు చదవగలిగిన భాగాన్ని ముందుగా తీసుకుని, మొరాయించిన చోట్లకు మళ్లీ మళ్లీ వెళ్లి ప్రయత్నిస్తాయి. సీడీ కింది వైపు గీత పడితే కొంత ఆశ ఉంటుంది. పేరు రాసే పైవైపు పొర ఊడితే మాత్రం అక్కడి సమాచారం పోయినట్టే. ఎందుకంటే అసలు పొర ఉండేది ఆ రంగు కిందే.

జబ్బు ఎక్కడుంది?

‘పాట చెడిపోయింది’ అని అందరూ ఒకే మాట అంటారు. కానీ చెడేది మూడు చోట్ల. ఒకటి ఫైలు మీద అంటించిన చీటీ, రెండు ఫైలు కట్టుబడి, మూడు లోపలి ధ్వని. ఏది చెడిందో తెలియకుండా వైద్యం మొదలుపెడితే కాలి నొప్పికి కంటి మందు వేసినట్టే.

చీటీ సంగతి చూద్దాం. ఎంపీ3 ఫైలులో పాట పేరు, పాడినవారి పేరు, సంవత్సరం రాసుకోవడానికి కొంత చోటు ఉంటుంది. దాన్ని ‘ట్యాగ్’ అంటారు. 1996లో వచ్చిన మొదటి పద్ధతిలో ఈ చీటీ మొత్తం 128 బైట్లు. పాట పేరుకు అందులో దక్కేది 30 బైట్లు. ఇంగ్లిషు అక్షరానికి ఒక్క బైటు సరిపోతుంది కానీ, ఇప్పుడు ఎక్కువగా వాడే యూనికోడ్ పద్ధతిలో తెలుగు అక్షరానికీ, దాని మీది గుణింతపు గుర్తుకూ విడివిడిగా మూడేసి బైట్లు కావాలి. ఇక ‘శ్రీకృష్ణ రాయబారం’ ఎక్కడ పడుతుంది? పైగా ఆ పాత చీటీ తెలుగును దృష్టిలో పెట్టుకుని తయారైంది కాదు. అందుకే ఫోన్లో పేరు ఉండాల్సిన చోట ప్రశ్నార్థకాలు, పిచ్చి గీతలు, ఖాళీ డబ్బాలు కనిపిస్తాయి. ఇది జబ్బే కాదు. ఎంపీ3ట్యాగ్ లాంటి ప్రోగ్రాముతో కొత్తరకం చీటీ రాసుకుంటే తెలుగు చక్కగా కనిపిస్తుంది. పాటకు ఏ హానీ ఉండదు.

పాతిక నిమిషాల పద్యనాటకం ఫోన్లో నలభై నిమిషాలని చూపిస్తుంటే అదీ ఇలాంటిదే. కొన్ని ఎంపీ3లలో ధ్వనిని బట్టి సమాచారం ఒకచోట ఎక్కువగా, ఒకచోట తక్కువగా ఉంటుంది. మొత్తం నిడివి ఎంతో ఫైలు మొదట్లో రాసి ఉండాలి. ఆ లెక్క పోతే ప్లేయరు మొదటి ముక్కను చూసి మిగతాదంతా అంచనా కడుతుంది. ఫూబార్2000 అనే ఉచిత ప్లేయరులో ఈ లెక్కను తిరిగి రాయించే సదుపాయం ఉంది. క్షణాల్లో పని అయిపోతుంది.

సెకనుకు 38 ముక్కలు

రెండోది కట్టుబడి. ఎంపీ3 ఫైలు పైకి ఒకటే అయినా లోపల చిన్న చిన్న ముక్కల గొలుసు. వీటిని ‘ఫ్రేములు’ అంటారు. సీడీ నాణ్యతతో, అంటే సెకనుకు 44,100 నమూనాలతో ఉన్న పాటలో ఒక్కో ఫ్రేము నిడివి సుమారు 26 మిల్లీసెకన్లు. అంటే సెకనుకు 38 ఫ్రేములు. గంట నాటకంలో లక్షా ముప్పై ఏడు వేలకు పైమాటే. ప్రతి ఫ్రేము ముందు ‘ఇక్కడ కొత్త ముక్క మొదలైంది’ అని చెప్పే నాలుగు బైట్ల గుర్తు ఉంటుంది. ప్లేయరు ఆ గుర్తులు పట్టుకుని నడుస్తుంది.

కాపీ అవుతుండగా కరెంటు పోయినా, మెమరీ కార్డును మధ్యలో లాగేసినా, సీడీలో కొంత భాగం చదవలేకపోయినా ఈ గొలుసు తెగుతుంది. ప్లేయరు తర్వాతి గుర్తు కోసం వెతుక్కుంటుంది. దొరికితే ‘టక్’మని ముందుకు పోతుంది. దొరక్కపోతే ఆగిపోతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. ఎంపీ3లో ఒక ఫ్రేము తన సామానులో కొంత ముందు ఫ్రేముల్లో మిగిలిన చోట్లో దాచుకోవచ్చు. అందువల్ల ఒక ముక్క పోతే దాని పొరుగు ముక్క కూడా కీచుమంటుంది.

ఎంపీ3వాల్, ఎంపీ3డయాగ్స్ అనే ఉచిత ప్రోగ్రాములు గొలుసు మొత్తాన్ని తడిమి చూసి, ఎక్కడ తెగిందో చెబుతాయి. మధ్యలో పడిన చెత్తను తీసేసి మిగతా ముక్కలను వరసలో పెడతాయి. అంతవరకు ఆగిపోయిన పద్యం ఇప్పుడు చివరిదాకా నడుస్తుంది. అయితే ఒక సంగతి మరిచిపోకూడదు. ఈ ప్రోగ్రాములు గొలుసును అతుకుతాయి కానీ, పోయిన ముక్కను పుట్టించవు. అర సెకను పోయి ఉంటే అర సెకను పోయినట్టే.

అలాంటి చోట పద్యనాటకానికి మాత్రమే ఉన్న ఒక అదృష్టం అక్కరకొస్తుంది. అదే ‘వన్స్‌మోర్’! జనం ఈలలు వేసి అడిగితే నటుడు అదే పద్యాన్ని మళ్లీ పాడతాడు. మొదటిసారి పాడినదానిలో మాట ఎగిరిపోతే రెండోసారి పాడినదానిలోంచి ఆ మాట తెచ్చి అతకొచ్చు. రాగం సాగదీసిన చోట అతుకు తెలిసిపోతుంది కానీ, మాట దగ్గర చాలాసార్లు కుదురుతుంది. కాకపోతే అలా చేసినట్టు ఒక కాగితం మీద రాసిపెట్టాలి. తాతయ్య ఆ రాత్రి ఎలా పాడాడో తెలుసుకోవాలనుకునే మనవడికి నిజం తెలియాలి కదా!

మళ్లీ మళ్లీ ఎంపీ3 చేయొద్దు

గంట నాటకంలో కావాల్సిన పద్యాలను విడదీయాలనుకుంటారు చాలామంది. ఇక్కడే తెలియకుండా నష్టం జరుగుతుంది. చెవికి అంతగా ఆననివాటిని వదిలేయడం వల్లే ఎంపీ3 అంత చిన్నదవుతుంది. సీడీ నాణ్యతలో నిమిషానికి 10 ఎంబీ అయ్యే ధ్వని, 128 కేబీపీఎస్ ఎంపీ3లో ఒక్క ఎంబీకి దిగుతుంది. ఆ ఎంపీ3ని మామూలు ఎడిటింగ్ ప్రోగ్రాములో తెరిచి, కత్తిరించి, మళ్లీ ఎంపీ3గా సేవ్ చేస్తే ఆ వదిలేసే పని ఇంకోసారి జరుగుతుంది. అలా నాలుగైదు సార్లు జరిగితే తాళాల శబ్దం నీళ్లలోంచి వస్తున్నట్టుంటుంది. జిరాక్సుకు జిరాక్సు తీసినట్టన్నమాట.

దీనికి విరుగుడుంది. ఎంపీ3డైరెక్ట్‌కట్ అనే చిన్న ఉచిత ప్రోగ్రాము ఫ్రేముల సరిహద్దు దగ్గరే కోస్తుంది. మిగిలిన ముక్కలను కదపదు, నాణ్యత ఏమాత్రం తగ్గదు. ధ్వని మరీ చిన్నగా ఉంటే ఎంపీ3గెయిన్ అనే ప్రోగ్రాము ఒకటిన్నర డెసిబెల్ చొప్పున మెట్లు మెట్లుగా పెంచుతుంది. ఇది కూడా పాటను విప్పి మళ్లీ కట్టదు. ఇంతకు మించి పెద్ద మరమ్మతు చేయాలంటే ముందుగా ఫైలును వేవ్ రూపంలోకి మార్చుకోవాలి. పనంతా అందులోనే చేసి, వినడానికి కావాలంటే ఆఖర్న ఒక్కసారి ఎంపీ3 చేసుకోవాలి.

గుంయ్‌మనే మోత చెప్పే రహస్యం

మూడోది ధ్వని. వేవ్‌లోకి మార్చిన ఫైలును ఆడాసిటీలో తెరవొచ్చు. 2000 సంవత్సరంలో విడుదలైన ఈ ఉచిత ప్రోగ్రాము ఇప్పటికీ ఇళ్లలో వాడుకోవడానికి తిరుగులేనిది.

పందిట్లో చేసిన రికార్డింగులో ముందుగా వినిపించేది ‘గుంయ్’మనే మోత. అది కరెంటు నుంచి వస్తుంది. మన దేశంలో కరెంటు ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్. కాబట్టి మోత 50 దగ్గర, దాని రెట్టింపులైన 100, 150 దగ్గర ఉంటుంది. అమెరికా వాళ్లు రాసిన పాఠాల్లో 60 దగ్గర తీసేయమని ఉంటుంది. అది వాళ్ల కరెంటు లెక్క. దాన్ని ఇక్కడ వాడితే మోత అలాగే ఉంటుంది, గొంతే పలచబడుతుంది.

అయితే ఆ మోతను తీసేసే ముందు దాన్ని కొలవాలి. ఎందుకంటే అది దొంగ మాత్రమే కాదు, సాక్షి కూడా. పాత టేప్‌రికార్డర్లలో బెల్టు సాగిపోతేనో, బ్యాటరీలు నీరసిస్తేనో టేపు వేగం మారిపోయేది. దాంతో శ్రుతి కూడా మారేది. రెండు కట్టలో పాడిన నటుడి గొంతు మూడు కట్టలో పాడినట్టు సన్నగా వినిపించేది. ఇంట్లోవాళ్లు ‘ఇది తాతయ్య గొంతులా లేదే’ అనేది చాలాసార్లు ఇందుకే.

ఆడాసిటీలో ‘ప్లాట్ స్పెక్ట్రమ్’ తెరిచి చూస్తే మోత ఏ అంకె దగ్గర ఉందో తెలుస్తుంది. 50 దగ్గర ఉండాల్సింది 53 దగ్గర ఉందనుకోండి. టేపు ఆరు శాతం వేగంగా తిరిగిందన్నమాట. హార్మోనియం మీద సరిగ్గా ఒక మెట్టు! వేగం సుమారు 5.7 శాతం తగ్గిస్తే (యాభైని యాభైమూడుతో భాగిస్తే వచ్చే లెక్క) శ్రుతి, తాళం రెండూ దారికొస్తాయి. ఆ తర్వాతే మోతను తీసేయాలి. ముందే తీసేస్తే సాక్షిని పంపించేసి విచారణ మొదలుపెట్టినట్టవుతుంది.

ఒక హెచ్చరిక. 1990లలో దక్షిణాది కరెంటు 50 దగ్గర నికరంగా నిలిచేది కాదు, తరచూ కిందికి జారేది. నాటకాల రాత్రి జనరేటరు నడిపిస్తే దాని లెక్క వేరు. క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు కొత్తగా చేరిన మోత ఉంటే అది ఎప్పుడూ 50 దగ్గరే కనిపించి తికమక పెడుతుంది. కాబట్టి మోత చెప్పినదాన్ని హార్మోనియం శ్రుతితో సరిచూడాలి. అన్నిటికంటే ముఖ్యంగా ఆ గొంతు ఎరిగిన నాన్నమ్మనో, పెదనాన్ననో పక్కన కూచోబెట్టుకోవాలి. ‘ఆఁ... ఇదీ మీ తాతయ్య’ అన్నారంటే లెక్క కుదిరినట్టే.

మరీ శుభ్రం చేస్తే...

టేపు ‘సుయ్’మనే శబ్దాన్ని తగ్గించాలంటే, మాటా పాటా లేని చోట ఒకటి రెండు సెకన్లు ఎంచుకుని ‘ఇదీ చెత్త’ అని ఆడాసిటీకి చూపించాలి. అది మిగతా అంతటా అలాంటిదాన్ని తగ్గిస్తుంది. ఇక్కడే ఆశ కొంప ముంచుతుంది. ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటూ మీట జరుపుతూ పోతే శబ్దంతోపాటు ‘స’, ‘శ’ లాంటి అక్షరాల పదును, రాగం చివర తేలిపోయే ఊపిరి కూడా పోతాయి. గొంతు గొట్టంలోంచి వస్తున్నట్టవుతుంది. సగం తగ్గించి ఆగడమే మేలు. మిగతా సగం చెవి అలవాటు చేసుకుంటుంది.

గొంతు పెద్దదై ‘బర్ర్’మన్న చోట పరిస్థితి వేరు. ధ్వని తరంగం పైభాగం కోసేసినట్టు చదునుగా కనిపిస్తుంది. చిన్న కోతలైతే ‘క్లిప్ ఫిక్స్’ అనే సదుపాయం చుట్టుపక్కల ఆకారాన్ని చూసి పైభాగాన్ని ఊహించి గీస్తుంది. అది ఊహే, అసలు కాదు. అన్నట్టు, మైకు సెట్టు హారన్లే బర్రుమని ఉంటే అది ఫైలు తప్పు కాదు. ఆ రాత్రి చాపల మీద కూచున్న జనం విన్నదీ అదే.

అలాగే ఈలలు, చప్పట్లు, ‘వన్స్‌మోర్’ కేకలు, పరదా వెనక నుంచి అందించిన మాట, ఎక్కడో ఏడ్చిన పసిపిల్ల... వీటిని చెత్త అని తీసేయాలా? పద్యం ఒక్కటే కావాలంటే మహానటుల క్యాసెట్లు ఉన్నాయి. ఊరి నాటకం రికార్డింగులో ఊరు కూడా ఉంది. దాన్ని తీసేస్తే మిగిలేది ఎవరిదో ఒక పద్యం.

28 ఏళ్లు ఆగిన క్యాసెట్టు

పని చేతకానప్పుడు ఆగడం కూడా రిపేరులో భాగమే. దీనికి లోకమంతా ఎరిగిన ఉదాహరణ ఉంది. బీటిల్స్ బృందంలోని జాన్ లెనన్ 1970ల చివర్లో ఇంట్లో పియానో వాయిస్తూ ఒక పాటను క్యాసెట్లో పాడుకున్నారు. 1980లో ఆయన హత్యకు గురయ్యారు. మిగతా ముగ్గురూ 1995లో ఆ పాటను పూర్తిచేయాలని కూచున్నా, పియానో మోత కింద గొంతు మరుగున పడిపోవడంతో వదిలేశారు. తర్వాత కంప్యూటరుకు శబ్దాలను గుర్తుపట్టడం నేర్పి గొంతునూ వాద్యాన్నీ వేరుచేసే విద్య వచ్చింది. ఆ గొంతును బయటికి తీసి ‘నౌ అండ్ దెన్’ పేరుతో 2023 నవంబరు 2న పాట విడుదల చేశారు. 1995లోనే ఎవరైనా ఉన్న సాధనాలతో గట్టిగా శుభ్రం చేసి అసలును పారేసి ఉంటే 2023లో తీయడానికి ఏమీ మిగిలేది కాదు.

అలా గొంతును వేరుచేసే ఉచిత ప్రోగ్రాములు ఇప్పుడు మామూలు కంప్యూటర్లకూ వచ్చాయి. అయితే పద్యనాటకంలో హార్మోనియం గొంతును అంటిపెట్టుకునే నడుస్తుంది. ఏది ఎవరిదో తేల్చుకోలేక రాగం కొసలను ఇవి హార్మోనియానికి కట్టబెట్టేస్తుంటాయి. ఇవాళ కుదరకపోతే నష్టం లేదు. అసలు ఫైలు ఉంటే చాలు, మరో పదేళ్లకు ఇంకా మంచి సాధనం రాదా?

దాచుకునే తీరు

అసలు ఫైలును ఉన్నదున్నట్టు ఒకచోట ఉంచాలి. బాగుచేసినదాన్ని వేవ్‌గా గానీ, నాణ్యత పోకుండా చిన్నదిగా మార్చే ఫ్లాక్ రూపంలో గానీ దాచాలి. రెండిటికీ కనీసం రెండేసి కాపీలు, అవీ వేర్వేరు ఇళ్లలో ఉండాలి. కొల్లేటి పక్కన చెమ్మ ఎక్కువ, వానాకాలం నీళ్లూ ఎక్కువే. ఒక్క అలమరను నమ్ముకోకూడదు. ఏలూరులో ఒకటి ఉంటే హైదరాబాదులోని అబ్బాయి దగ్గర ఇంకొకటి ఉండాలి. వాట్సాప్‌లో పంపేటప్పుడు ‘డాక్యుమెంట్’గా పంపితే ఫైలు ఉన్నదున్నట్టు వెళుతుంది.

అసలు క్యాసెట్టు ఇంకా ఉంటే అదృష్టమే. ఎంపీ3 ఎంత బాగుచేసినా క్యాసెట్టులోంచి మళ్లీ నేరుగా వేవ్‌లోకి ఎక్కించినదానికి సాటి రాదు. ‘సీడీ చేయించేశాం కదా’ అని పారేయకండి.

చివరిగా ఒక కాగితం. కృష్ణుడెవరు, అర్జునుడెవరు, హార్మోనియం ఎవరిది, ఏ ఊళ్లో ఏ పండక్కి ఆడారు... తెలిసినవాళ్లను అడిగి రాసిపెట్టాలి. తెగిన ఫ్రేములను అతకడానికి ప్రోగ్రాములున్నాయి. ఆ పేర్లు మరిచిపోతే అతకడానికి ఏ ప్రోగ్రామూ లేదు. చెప్పగలిగినవాళ్లు ఇంట్లో ఉండగానే ఆ పని ముందు కానివ్వండి. ‘టక్’మన్న చోటు సంగతి తర్వాత చూసుకోవచ్చు.